పెద్దమ్మ ఉన్న గోడ

నవంబరు 3, సోమవారం

శివాలయంలో దీపం పెట్టి వచ్చేసరికి మహతి మా వరండాలో కూర్చుని అమ్మతో మాట్లాడుతోంది. మా వీధి పిల్లే, బడిలో సోషల్ చెబుతుంది. మా ఖరగ్‌పూర్ సౌత్ సైడ్‌లో వందేళ్ళు దాటిన రైల్వే బంగ్లాలు ఉన్నాయి కదా, వాటిని జనానికి చూపించడానికి ఈ నెల ఆదివారాలు నడక పెడుతున్నారట. పొద్దున్నే అందరూ కలిసి నడుస్తూ వారానికి మూడు నాలుగు ఇళ్ళు చూస్తారు. ఇరవైమూడో తారీకున మేమున్న బంగ్లా.

మేమున్న బంగ్లా అని అలవాటుగా రాశాను. మేము బంగ్లాలో ఉండలేదు. నాన్న ఆఫీసరుగారి బంగ్లాలో పనులు చేసే ఖలాసీ. వెనక అవుట్‌హౌస్‌లో ఒక గది, ఒక వసారా మాకు. అక్కడే పుట్టాను, పదమూడేళ్ళు వచ్చేదాకా అక్కడే పెరిగాను.

"పిన్నీ, పుస్తకాల్లో ఉన్నది నేను చెప్పగలను. అక్కడ బతికినవాళ్ళు చెబితే వేరు. మీరొచ్చి నాలుగు మాటలు చెప్పండి, చాలు," అంది మహతి. డిసెంబరు నుంచి ఆ బంగ్లాకి మరమ్మతులట, అవుట్‌హౌస్‌లు కొట్టేస్తారట. చూడాలంటే ఇదే ఆఖరు.

నలుగురిలో మాట్లాడటం నాకు రాదని చెప్పాను. అమ్మ ఊరుకోలేదు. "ఎల్లు మీనా. అక్కని ఆ ఇంటికాడ్నించే తెచ్చుకున్నాం. కొట్టీముందు ఒకపాలి సూసి రా," అంది.

స్టౌ మీద పాలున్నాయని లోపలికి వెళ్ళాను. స్టౌ మీద పాలు లేవు.

నవంబరు 4

మోకాలు నొప్పని మహతికి చెప్పేస్తాను. నొప్పి ఉన్నమాట నిజమే కదా.

నవంబరు 5, పౌర్ణమి

మూడువందల అరవైఅయిదు వత్తులు వెలిగించాను. ఏం అడగాలో తెలిసి కూడా అడగకుండా వచ్చేశాను.

నవంబరు 7, శుక్రవారం

అమ్మకి ఇప్పుడు చెయ్యి వణుకుతోంది. పసుపు గిన్నె నేను పట్టుకుంటే ఆమె గోడకి రాసింది. వంటింట్లో తూర్పు గోడ మీద జానెడు చదరం. దాని మీద అయిదు కుంకుమ బొట్లు, కింద ప్రమిద, రెండు అరటిపళ్ళు. నాకు గుర్తు తెలిసినప్పటి నుంచీ ప్రతి శుక్రవారం ఇంతే.

ఇన్ని డైరీలు రాశాను గానీ పెద్దమ్మ గురించి ఎప్పుడూ రాయలేదు. నాన్న మొదటి భార్య ఆమె. పేరు తవిటమ్మ. పెళ్ళైన నాలుగేళ్ళకి, పసుపు కుంకాలతో, ఆ అవుట్‌హౌస్ గదిలోనే జ్వరంతో పోయింది. తర్వాత నాన్న అమ్మని చేసుకున్నాడు. మా వైపు అలా పోయిన ఇల్లాలు ఆ ఇంటికి పేరంటాలవుతుంది. వెనక వచ్చిన ఇల్లాలు ఆమెని గోడ మీద నిలుపుకుని కొలుచుకోవాలి. కొత్త చీర కట్టుకునేముందు ఆమెకి చూపించాలి, పండగ వంట ఆమెకి పెట్టాకే తాను తినాలి. అమ్మ ఏనాడూ సవితి అనలేదు. అక్క అనే అంటుంది. బొట్లు పెడుతూ గోడతో మాట్లాడుతుంది. ఈరోజు వంకాయలు ముదిరిపోయాయని చెప్పింది. అల్లుడికి దగ్గు తగ్గిందని చెప్పింది.

"గిన్నె ఒంచీకు, సరిగ్గా అట్టుకో," అంది నాతో.

నవంబరు 9, ఆదివారం

వెళ్ళాను. వెళ్ళకపోతే అమ్మ ఎందుకని అడుగుతుంది.

ఖరగ్‌పూర్‌లో కొండలెక్కడివి గానీ, ఆ బంగ్లాల వైపు ఎర్రమట్టి రోడ్డు కొంచెం ఎత్తుకి ఎక్కుతుంది. చిన్నప్పుడు మేము దాన్ని కొండ అనే అనేవాళ్ళం. నాన్న సైకిల్ దిగి నడిపించేవాడు, నేను వెనక నుంచి తోసేదాన్ని. ఇవాళ నడుస్తుంటే కాళ్ళకి ఆ ఎత్తు ముందే తెలిసిపోయింది. పాతికమంది దాకా వచ్చారు. సగం బెంగాలీలు, కాలేజీ పిల్లలు కొందరు, మిగతా మనవాళ్ళు.

ఎంత పెద్ద ఇళ్ళు. మూడు వైపులా వరండాలు, మనిషి ఎత్తు కిటికీలు, చలి కాచుకోవడానికి గోడలో పొయ్యి. ఈ ఊళ్ళో ఏడాదికి ఇరవై రోజులు చలి ఉంటే గొప్ప. దొరలు దానికి పొయ్యి కట్టుకున్నారు. గార్డుగా రిటైరైన శామ్‌గారు ప్రతి వరండాలోనూ ఒకసారి కూర్చుని, "నా పోస్టింగ్ ఇక్కడికి వచ్చింది, చాయ్ పట్రండి," అని అందరినీ నవ్వించారు. రెండో ఇంట్లో దొరసాని దెయ్యం తిరిగేదట అని మహతి చెబుతుంటే, ఆ తిరిగింది వాచ్‌మన్ అనీ, డ్యూటీలో నిద్రపోయి లేచి సాహెబు చూశాడేమోనని చూసుకునేవాడనీ ఆయనే అన్నారు.

ఒక గదిలో గోడకి పైన చిన్న కన్నం చూసి అదేమిటని ఒక కుర్రాడు అడిగాడు. మహతికి తెలియలేదు. పంకా తాడు పోయే కన్నం అని మెల్లగా చెప్పాను. లాగేవాడు బయట వరండాలో కూర్చునేవాడు. మా బంగ్లాలో ఆ కన్నంలో పిచ్చుకలు గూడు కడితే అమ్మగారు తీసెయ్యమన్నారు, నాన్న తీసేశానని చెప్పి పిల్లలు ఎగిరేదాకా ఒక గుడ్డ అడ్డం పెట్టాడు. అందరూ వింటున్నారని మాట అయిపోయాక గాని చూసుకోలేదు.

చాలా రోజుల తర్వాత మనసు తేలిగ్గా ఉంది. జామచెట్లు, సున్నం వాసన, ఆ చల్లటి ఎర్ర గచ్చు. ఇంటికొచ్చి అమ్మకి అన్నీ చెప్పాను. అన్నీ విని, "మన వసారా ఎప్పుడు సూస్తావు?" అంది.

నవంబరు 10, సోమవారం

రాయాలి. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ చెబుతాను.

1988. నాన్న రిటైరయ్యాడు, నెలాఖరుకి గది ఖాళీ చెయ్యాలి. సుభాష్‌పల్లిలో ఈ ఇల్లు సిద్ధమైంది. అమ్మ పచ్చకామెర్లతో ఆసుపత్రిలో ఉంది. పేరంటాలిని ఇల్లు మారినప్పుడు పిలుచుకుని తెచ్చుకోవాలి, ఆడమనిషే తేవాలి. అమ్మ మంచం మీద నుంచే నాకు చెప్పింది. తలస్నానం చెయ్యి. గోడ ముందు దీపం పెట్టు. "పెద్దమ్మా, మా ఎంట రా" అని మూడుసార్లు పిలు. ఆ పసుపు చోట చిటికెడు గార గీకి పసుపు గుడ్డలో మూట కట్టు. అక్కడి నుంచి కొత్త ఇంటి గడపలోకి వచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడకు, వెనక్కి తిరిగి చూడకు. చూస్తే ఆమె అక్కడే ఆగిపోద్ది.

సామాను బండి మీద నాన్న ముందు వెళ్ళిపోయాడు. గదిలో బల్బు మాది, అది కూడా విప్పి తీసుకెళ్ళాడు. తలుపు తోశాను. పట్టపగలే లోపల చీకటి. ఖాళీ గదిలో ఆ పసుపు చదరం ఒక్కటే కనిపించింది. ఆ గదిలోనే ఆమె పోయిందని తెలుసు. మంచం, పెట్టెలు, అమ్మ ఉన్నంతకాలం భయం వెయ్యలేదు. ఇప్పుడు మేమిద్దరమే. లోపలేదో కదిలింది. బల్లి అయి ఉంటుంది.

గడప దాటలేదు. మందారం మొక్క పాదులో చిటికెడు మట్టి తీసి మూట కట్టాను. ఆ తోట కూడా ఆమెదే కదా, ఈ మట్టి మీద ఆమె నడిచింది కదా అనుకున్నాను. అనుకుంటూ మాట్లాడకుండా, వెనక్కి చూడకుండా సుభాష్‌పల్లి దాకా నడిచాను. అవి మాత్రం తప్పలేదు.

అమ్మ ఆసుపత్రి నుంచి వచ్చి ఆ మూటకి మూడుసార్లు మొక్కింది. సున్నంలో కలిపి ఈ గోడకి రాసింది. పదమూడేళ్ళదానివి ఎంత బాగా తెచ్చావని నా నెత్తిన చెయ్యి వేసింది.

ముప్పయ్యేడేళ్ళు.

పెళ్ళయ్యాక రెండుసార్లు కాన్పుకి వెళ్ళి ఆసుపత్రి నుంచి ఒట్టి చేతులతో వచ్చినప్పుడు ఎందుకో నాకు తెలుసనిపించింది. ఆయనకి చెప్పలేదు. దేవుడు అలా కక్ష కడతాడని నేను నమ్మను. పెద్దమ్మ గురించి మాత్రం ఆ మాట అనుకోలేకపోయాను.

ఇరవైమూడున ఆ గదికి వెళతాను. చిటికెడు గార తెచ్చి ఈ గోడలో కలిపేస్తాను. అమ్మకి తెలియనక్కర్లేదు.

నవంబరు 14, శుక్రవారం

అమ్మకి ఆయాసం ఎక్కువగా ఉంది. కుర్చీలో కూర్చునే బొట్లు పెట్టింది. తర్వాత నాతో అంది, "అక్క ఎదురుపడితే నన్నేటీ అడగదు. బాగానే సూసుకున్నాను కదే."

అవునమ్మా అన్నాను.

నవంబరు 16, ఆదివారం

రెండో నడక. గోడల్ని ఎవరూ తాకొద్దని, పెచ్చులు ఊడుతున్నాయని మహతి మొదటే చెప్పింది. నన్ను చూసి చెప్పినట్టు అనిపించింది. పిచ్చి.

నవంబరు 23, ఆదివారం

సంచిలో పసుపు గుడ్డ, అట్లకాడ పెట్టుకున్నాను. మహతి వాళ్ళు బంగ్లా హాల్లో ఉండగా వెనక్కి వెళ్ళాను. వసారా అలాగే ఉంది, కొంచెం చిన్నదైంది. తాళం వేసి ఉంటుందనుకున్నాను. గుమ్మంలో ముగ్గు ఉంది.

లోపల మనుషులున్నారు. ముప్పయ్యేళ్ళ అమ్మాయి బియ్యం ఏరుతోంది. పేరు పూజ. వాళ్ళాయన సాయికుమార్ కాంట్రాక్టు కింద తోటపని చేస్తాడట. ఆమె అత్తమామలు ముప్పయ్యేళ్ళ కిందట ఈ గదికి వచ్చారట. మా శ్రీకాకుళం వైపు వాళ్ళే, కానీ మూడు తరాల నుంచీ ఇక్కడే ఉండటం వల్ల ఆమె తెలుగులో సగం హిందీ.

నేను గోడ వైపు చూశాను. పసుపు ఉంది. పచ్చిగా, తడిగా. అయిదు బొట్లు.

ఆ చదరం గోడ కన్నా లోపలికి వేలి మందం గుంటగా ఉంది. మా కాలంలో ఇంచుమించు గోడకి సమానంగా ఉండేది. ఎందుకలా ఉందని అడిగితే పూజ వాళ్ళ అత్త చెప్పిన మాట చెప్పింది. రెండేళ్ళకోసారి సున్నం వేసే గ్యాంగు వస్తుంది, అందరూ మనవాళ్ళే. పసుపున్న చోట ఎవరో ఇల్లాలు ఉందని వాళ్ళకి తెలుసు. దాని మీద కుంచె వెయ్యరు, చుట్టూ వేసి వదిలేస్తారు. అలా సున్నం మీద సున్నం పడి గోడ లావెక్కింది, ఆమె ఉన్న చోటు అలాగే ఉండిపోయింది. పూజ అత్త వచ్చేసరికి పసుపు పాలిపోయి ఉందట. మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. పోయినేడు ఆవిడ పోయాక కోడలు రాస్తోంది.

ఎవరని అడిగాను.

"పేరు మాలూమ్ నేదు మాసీ. ఇంటామె అంటాం," అంది. తర్వాత నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారని చెప్పింది. పూరీ గేట్‌లో గది చూసుకున్నారట. "ఈమెని ఏటి సెయ్యాలో మా అత్త సెప్పనేదు. ఒగ్గీసి ఎల్తే ఈ గోడతోటే కొట్టెస్తారు కదా. మీరు పెద్దోరు, మీకు తెలుసా మాసీ?"

సంచిలో గుడ్డ మీద నా చెయ్యి ఉంది. తెలియదని చెప్పాను.

బయట మహతి పిలుస్తోంది. తల నొప్పిగా ఉందని, మాట్లాడలేనని చెప్పి వచ్చేశాను. వచ్చే ఆదివారం ఆఖరి నడక ఈ దారినే మళ్ళీ పోతుంది, అప్పుడు చెబుదురు లెండి అంది. అమ్మకి చూసి వచ్చానని చెప్పాను. అది నిజమే.

నవంబరు 24

పెద్దమ్మ మా నాన్న భార్య. పూజకి ఆమె పేరు కూడా తెలియదు. తెచ్చుకోవడం న్యాయమే.

నవంబరు 25

న్యాయమే. కానీ ముప్పయ్యేళ్ళు పసుపు పెట్టినవాళ్ళు వాళ్ళు.

నవంబరు 26, బుధవారం

అమ్మకి చెప్పేశాను. ఆయన వర్క్‌షాప్‌కి వెళ్ళాక, ఆమెకి జడ వేస్తూ చెప్పాను. ముఖం కనిపించకపోతే చెప్పగలనని. మందారం పాదు దగ్గర్నుంచి నిన్న పూజ అడిగినదాకా అన్నీ. నిన్న కాదు, ఆదివారం. రోజులు కూడా తెలియడం లేదు.

జడ అయిపోయింది. విప్పి మళ్ళీ వేశాను.

"మరైతే ముప్పయ్యేడేళ్ళు నా సేతి పసుపు ఎవులు పుచ్చుకున్నారే?" అంది.

భోజనానికి పిలిస్తే రాలేదు.

నవంబరు 27

నాతో మాట్లాడలేదు. ఆయనతో మాట్లాడింది. అత్తా అల్లుడూ ఒకటయ్యారు, నేనే వేరింటిదాన్నయ్యానని ఆయన నవ్వారు. ఏమైందని అడగలేదు.

నవంబరు 28, శుక్రవారం

పసుపు గిన్నె తెచ్చి పక్కన నిలబడ్డాను. అమ్మ గోడ వైపు చూడలేదు. "టోటో పిలు," అంది.

మూడేళ్ళుగా వీధి దాటని మనిషి. బ్యాటరీ రిక్షాలో నా భుజం పట్టుకుని కూర్చుంది. ఎర్రమట్టి ఎత్తు దగ్గర బండి మూలిగితే, "మీ నాన్న ఇక్కడే దిగీవోడు," అంది. టోటో పిలవమనడం కాక, మూడు రోజుల్లో నాతో అన్న మొదటి మాట అది.

పూజ చాప వేసింది. అమ్మ గోడ ముందు కూర్చుని ఆ గుంటలో చెయ్యి పెట్టింది. ఆమె వంగిపోయి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పూజని అన్నీ అడిగింది. అత్త పేరేమిటి, పండగకి ముందు ఎవరికి పెట్టేది, కొత్త చీర చూపించేదా. అత్తకి కాళ్ళు పడిపోయాక కూడా పాక్కుంటూ వచ్చి బొట్లు పెట్టేదని పూజ చెప్పింది. అమ్మ తల ఊపింది.

మనం తీసుకెళదామమ్మా, గుడ్డ తెచ్చానని ఆమె చెవిలో అన్నాను.

"నువ్వాగు," అంది నాతో. తర్వాత గోడతో అంది, పక్కింటి మనిషితో అన్నట్టు మామూలుగానే. "నిన్ను నేను సూసుకున్నాననుకున్నాను అక్కా. ఈ పిల్ల అత్త సూసుకున్నాది. నిన్ను నేనేటి మొగం పెట్టుకుని రమ్మంతాను. ఈలతోటే ఎల్లు."

పూజకి ఏమీ అర్థం కాలేదు. అమ్మ ఆమెని దగ్గర కూర్చోబెట్టుకుని ఈమె ఎవరో, ఎలా తీసుకెళ్ళాలో అంతా చెప్పింది. చెప్పి నా వైపు తిరిగింది. "నీకు పాతపని ఉండిపోయినాది. నువ్వు మోసుకెల్లాల."

నవంబరు 29, శనివారం

అమ్మ చెబితే మా వంటింటి గోడ మీద పసుపంతా గీకేశాను. లోపల సున్నంలో కలిసిన ఎర్రమట్టి కనిపించింది. అంతా పోగుచేసి మల్లె కుండీలో పోశాను. ఆయన చూసి సిమెంటు పెట్టి పూడుస్తానన్నారు. వద్దనలేదు, ఊఁ అనలేదు. సాయంత్రం నుంచీ వంటింట్లోకి వెళ్ళిన ప్రతిసారీ తల అటే తిరుగుతోంది.

నవంబరు 30, ఆదివారం

తెల్లవారుజామున తలస్నానం చేశాను. అమ్మని టోటోలో నేరుగా పూరీ గేట్‌కి పంపి, నేను బంగ్లాకి వెళ్ళాను. సాయికుమార్ సామాను కట్టేసి ముందు వెళ్ళిపోయాడు. పూజ గుమ్మం బయట నిలబడింది. గదిలోకి నేనొక్కదాన్నే వెళ్ళాను.

ఖాళీ గది, ఆ పసుపు చదరం. దీపం పెట్టాను. పెద్దమ్మా, వీళ్ళ వెంట రా. మూడుసార్లు. మూడోసారి గొంతు పైకి వచ్చింది. గార చాలా గట్టిగా ఉంది, అట్లకాడతో నాలుగుసార్లు గీకితే గాని రాలేదు. గోరంత పెచ్చు. పొరలు పొరలుగా పసుపు. అడుగు పొర అమ్మ రాసిందే అయి ఉంటుంది.

మూట గుండెకి ఆనించుకుని బయటికొచ్చాను. పూజ నాలుగడుగులు వెనక నడిచింది.

బంగ్లా గేటు దగ్గరే ఎదురయ్యారు. పాతికమంది కాదు, నలభైమంది ఉంటారు ఈసారి. మహతి నన్ను చూసి చెయ్యి ఊపి, ఈ ఇంట్లో పుట్టిన మనిషి ఈమేనని అందరికీ బెంగాలీలో చెప్పింది. అందరూ నా చుట్టూ ఆగారు. ఒకాయన ఫోను పైకెత్తాడు.

"రండి పిన్నీ. ఇవాళ మీరు తప్పించుకోలేరు. ఈ ఇంటి గురించి ఒక్క మాట చెప్పండి," అంది మహతి.

నలభైమంది. ఒక్క మాట. నేను మహతి కళ్ళలోకి చూసి తల అడ్డంగా ఊపాను. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. శామ్‌గారు నా చేతిలో గుడ్డ చూశారు. ఆయన ఏం అర్థం చేసుకున్నారో తెలియదు, టోపీ తీసి పక్కకి జరిగి, "దారివ్వండి, దారివ్వండి," అన్నారు. జనం రెండు వైపులకి తప్పుకున్నారు. మధ్యలోంచి నడిచి వచ్చేశాను. వెనక మహతి ఏదో అడుగుతోంది, పూజ ఏదో చెబుతోంది. మహతికి రేపు వెళ్ళి అన్నీ చెప్పాలి. వెనక్కి చూడాలని ఒకసారి మెడ లాగింది. నా ఇంటిని ఇంక చూడను కదా అనిపించింది. చూడలేదు.

పూరీ గేట్ దాకా ఎంత దూరమో ఇవాళ తెలిసింది. దారిలో తెలిసిన కూరగాయలమ్మే బెంగాలీ దాదా పలకరించాడు. తల దించుకుని పోయాను. మోకాలు నిజంగానే నొప్పి పెట్టింది.

పూజ వాళ్ళ కొత్త గది చిన్నది. వంట చేసుకునే మూల గోడని కడిగి, సున్నం కలిపి ఉంచారు. అమ్మ పీట మీద కూర్చుని ఉంది. గడప దాటి మూట పూజ చేతిలో పెట్టాను. పూజ అమ్మ వైపు చూసింది. అమ్మ పూజని చూడలేదు, నన్నే చూస్తోంది.

"ఎనక్కి సూసినావేటి?"

"నేదమ్మా."

"ఎవులితోటైనా మాటాడినావేటి?"

"నేదు."

చాలాసేపు నా ముఖంలోకి చూసింది. పదమూడేళ్ళప్పుడు ఇలా చూడలేదు, అప్పుడు నెత్తిన చెయ్యి వేసింది.

"అలాగైతే ఇలా కూకో," అంది తన పక్కన చోటు చూపించి. "అంత దూరం నడిసినావు."